బాలమణక్క ఇవ్వని మౌత్‌పీసు

ప్లాస్టిక్ ట్రేలో ఇత్తడి ముక్క పడిన చప్పుడుతో నా ఉద్యోగం మొదలవుతుంది. శంషాబాద్ విమానాశ్రయంలో సరుకుల విభాగంలో పనిచేస్తాను. ఉద్యోగులు లోపలికి వెళ్లే గేటు దగ్గర ఫోను, తాళాలు, టిఫిను డబ్బా అన్నీ ట్రేలో పెట్టాలి. చివర్లో నేను సంచి అడుగు నుంచి ఒక చిన్న గుడ్డమూట తీసి, విప్పి, లోపలిది ట్రేలో పెడతాను. అది టంగుమంటుంది. చలికాలంలోనైతే వేళ్లు జిల్లుమంటాయి. పెదవి తగిలే అంచు మీద తప్ప మిగతా అంతా వెండి పూత అరిగిపోయింది కనుక, ఆ తర్వాత చాలాసేపు నా అరచేతికి ఇత్తడి వాసన ఉంటుంది. ఆ వాసనకి నాకు బాలమణక్క గుర్తొస్తుంది. గుర్తొస్తుందంటే కళ్లు చెమర్చి కాదు. ఎవరితోనైనా గొడవ పెట్టుకోవాలనిపిస్తుంది.

మొన్న గేటు దగ్గర కొత్త గార్డు ఉన్నాడు. తెలుగువాడే. దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంటి మేడం, కుళాయి ముక్కా?"

"కార్నెట్ మౌత్‌పీసు. పెళ్లి బ్యాండులో బూర ఊదుతారు కదా, నోటి దగ్గర పెట్టుకునే ముక్క అదే."

అతను దాన్ని చూశాడు, ఆ తర్వాత నా మూతిని చూశాడు. అందరూ చూసే వరసే అది. "మీరు వాయిస్తారా?" అన్నాడు. ఎదుటివాళ్లు ఆ 'మీరు'ను ఒత్తి పలకడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. వెనక వరస పెరిగిపోతోంది. ట్రే లాక్కుని వచ్చేశాను కానీ ఆ రోజంతా ఆ ప్రశ్న నన్ను గిల్లుతూనే ఉంది.

నేను పై పెదవి చీలి పుట్టాను. పసితనంలోనే కుట్లు వేశారు. ముక్కు కింద నుంచి పెదవి అంచు దాకా, నడిమధ్యకు కాస్త కుడివైపుగా ఒక గీత మిగిలింది. మాట స్పష్టంగానే ఉంటుంది, తిండికి ఇబ్బంది లేదు, నొప్పి అసలే లేదు. ఉన్న ఇబ్బందంతా చూసేవాళ్లకే. మాది తెనాలి వైపు. ఇక్కడ విమానాశ్రయం కడుతున్న రోజుల్లో నాన్నకి ఉద్యోగం వచ్చి శంషాబాద్ చేరాం. ఊరు మారినా అమ్మ భయం మారలేదు. ఎవరైనా ఫోటో తీస్తుంటే నా పక్కకొచ్చి, "కొంచెం తల వంచమ్మా," అనేది. మా ఇంట్లో ఉన్న నా చిన్నప్పటి ఫోటోలన్నిటిలో పాపిడి మాత్రం చక్కగా కనిపిస్తుంది.

బడిలో బ్యాండు పెట్టినప్పుడు నేను కార్నెట్ కావాలన్నాను. పంద్రాగస్టు కవాతులో ముందు నిలబడేది అదే. మాస్టారు చెడ్డవారు కాదు. నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి చూసి, "ఊదే వాద్యం నీ పెదవికి పట్టదమ్మా, తాళాలు తీసుకో," అన్నారు. జాలిగా అన్నారు. ఆ జాలే నాకు ఒళ్లు మండించింది. కవాతు రోజున ఆ పెద్ద ఇత్తడి తాళాలు ఎంత బలంగా కొట్టానంటే, జెండా ఎగరేయడానికొచ్చిన పెద్దమనిషి ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. ఆయన చూస్తున్నా నేను తల వంచలేదు.

బాలమణక్కను చూడనివాళ్లకు ఆమె గురించి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. మంచి మనిషి అని రాస్తే ఆవిడే ఒప్పుకోదు. కోపం ముక్కు మీద ఉండేది. తప్పు తనదైనా గొంతు తగ్గేది కాదు. పాత రోడ్డు మీద, బస్టాండు దాటాక ఒక మల్గీలో, అంటే చిన్న దుకాణం గదిలో, ఆమె బ్యాండు మేళం ఉండేది. భర్త పోయాక మేళం మరిదికి అప్పగించి ఇంట్లో కూర్చోమని చుట్టాలంతా చెప్పారట. ఆమె చీర మీద ఎర్రకోటు తొడుక్కుని, భుజాల మీది బంగారు రంగు కుచ్చులు సర్దుకుని, కార్నెట్ పట్టుకుని పెళ్లి బరాత్ ఊరేగింపు ముందు నిలబడింది. వాయించడం చిన్నప్పుడే వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుంది. మరిది యాదగిరి ఆ మేళంలోనే మొదటి కార్నెట్. వదిన మీద ఎంత కినుకో అంత గౌరవం. మేళంలో అందరికీ అతను యాదన్న.

ఇంటర్మీడియట్‌లో చేరిన ఏడాది, కాలేజీ నుంచి వస్తూ ఆ మల్గీ ముందు ఆగాను. బాలమణక్క గడప మీద కూర్చుని చింతపండు గుజ్జుతో కార్నెట్ తోముతోంది.

"ఆంటీ, నాకు నేర్పిస్తారా?"

"ఆంటి ఎవరే? అక్కా అను." తలెత్తి చూసింది. చూపు సరిగ్గా నా పెదవి మీద ఆగింది. పక్కకి తప్పుకోలేదు. "ఏమైంది మూతికి?"

"పుట్టుకతోనే అంతే."

"నొస్తదా?"

"లేదు."

"ఊదితె గాలి బయటికి వస్తదా?"

"వస్తుంది."

"మరింకేంది? లోపలికి రా. చెప్పులు బయట ఇడువు."

నా పెదవి గురించి నేను ఎవరితోనైనా చేసిన సంభాషణల్లో అతి చిన్నది అదే. అప్పటిదాకా కొందరు చూడనట్టు నటించారు, కొందరు చూసి అయ్యో అన్నారు. అడగాల్సింది అడిగి, జవాబు విని, పని మొదలుపెట్టిన మనిషి ఆవిడ ఒక్కతే.

మొదటి రోజు యాదన్న తన సంచిలోంచి ఒక మౌత్‌పీసు తీసి ఇచ్చాడు. అంచు సన్నం, లోపలి గిన్నె లోతు తక్కువ. పై స్వరాలు తొందరగా పలుకుతాయనీ, రోడ్డు మీద బస్సుల హారన్లను కూడా దాటి వినబడతాయనీ మేళంలో అందరూ అలాంటివే వాడేవారు. గట్టిగా వినబడాలంటే గట్టిగా అదమాలి. అదిమీ అదిమీ వాళ్ల పెదవుల మీద గుండ్రటి ముద్రలు పడి ఉండేవి. ఆ ముద్రంటే వాళ్లకు, మిలిటరీ వాళ్లకు పతకమంటే ఉన్నంత గర్వం. ఛాయ్ హోటల్లో ఆ ముద్ర చూసి, "ఏ మేళం అన్నా?" అని ఎవరైనా అడిగితే యాదన్న మొహం వెలిగిపోయేది.

నేనూ అదిమాను. ఆ సన్నటి అంచు సరిగ్గా కుట్ల గీత మీద కూర్చుంది. వారం తిరక్కుండానే నెత్తురు కనిపించింది.

"ఏం కాదమ్మా," అన్నాడు యాదన్న. "మొదట్ల అందరికి వస్తది. గట్ల వచ్చి మానితేనే పెదవి గట్టిపడ్తది."

బాలమణక్క లోపలి నుంచి వచ్చి, నా చేతిలోని మౌత్‌పీసు లాక్కుని అతని ఒళ్లో పడేసింది. "గట్టిపడ్డదాన్ని తోలు అంటరు యాదగిరీ, పెదవి అనరు. ఈ పిల్లకు చెప్పులు కుట్టిస్తున్నవా, పాట నేర్పుతున్నవా?"

ఆ తర్వాత ఆమె గూట్లోంచి ఒక స్టీలు గిన్నె దించి, అందులో ఉన్న పాత మౌత్‌పీసులన్నీ చాప మీద గుమ్మరించింది. పాతబస్తీ దుకాణాల్లో కొన్నవి, మూతబడ్డ మేళాల నుంచి వచ్చినవి, ట్రంపెట్‌వి, కార్నెట్‌వి కలగలిసి ఉన్నాయి. ముందు ట్రంపెట్‌వి ఏరి పక్కకి తోసేసింది. వాటి తోక, అంటే బూరలో దిగే కొన, కాస్త లావు, కార్నెట్‌లో పూర్తిగా దిగదు. మేళాల వాళ్లు ఆ తోకను ఆకురాయితో అరగదీసి ఎలాగో దూరుస్తారు. అలా దూర్చినదాంట్లో స్వరం ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పలుకుతుంది. "మేళం మేళమే గిట్ల ఊదుతున్నరు. అందరు ఒక్క తీరుగ తప్పు వాయిస్తె ఎవనికి తెలుస్తది?" అని నవ్వింది.

ఏది బాగుందో చూసుకోమంటే నేను మెరుస్తున్నది తీశాను. నా చేతి మీద ఒకటిచ్చింది. "కండ్లు మూసుకో. కండ్లతోని ఊదుతవా?"

కళ్లు మూసుకున్నాను. కార్నెట్ లేకుండా, ఒక్కొక్క మౌత్‌పీసునే రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని పెదవులకు ఆనించి, తేనెటీగలా రొదపెట్టించింది. బిగించి పట్టుకుంటే వేళ్ల మీద కొట్టింది. పదునైన అంచు కొరుకుతుంది. మరీ వెడల్పు అంచైతే కొరకదు కానీ పెదవిని కదలనివ్వదు. లోతు తక్కువైతే కీచుమంటుంది, లోతు ఎక్కువైతే గొంతు గుండ్రంగా ఉంటుంది గానీ ఊపిరి తాగేస్తుంది. ఇవన్నీ ఆవిడ చెప్పలేదు. నా పెదవే ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని తెలుసుకుంది. ఆవిడ పక్కన కూర్చుని, "ఊఁ", "థూ", "ఇంకోటి" అంటూ ఉంది.

అన్నిటికంటే పెద్ద పరీక్ష ఛాయ్. ఒక మౌత్‌పీసుతో కొంతసేపు కింది స్వరాలు వాయించాక ఛాయ్ తెప్పించేది. గ్లాసు ఖాళీ అయ్యేలోపు పెదవి మీది ముద్ర పోవాలి. పోకపోతే ఆ మౌత్‌పీసు నాది కాదు. "ముద్ర ఉన్నదంటె వాయించినట్టు కాదు బిడ్డా, ఎవనితోనో కొట్టుకున్నట్టు," అనేది. ఎన్ని ఛాయ్‌లు తాగానో లెక్కలేదు.

చివరికి కుదిరింది చూడ్డానికి ఏమంత బాగాలేదు. అంచు గుండ్రంగా, లోతు మధ్యరకం, పూత అక్కడక్కడా లేచిపోయి పెదవికి దురద పెట్టేది. బాలమణక్క దాని అంచుకు మళ్లీ వెండి పూత వేయించుకొచ్చింది. అయినా నడిమధ్య పెట్టుకుంటే గీత దగ్గర గాలి తప్పిపోతోంది. బాలమణక్క నా గడ్డం పట్టుకుని మౌత్‌పీసును కొంచెం ఎడమకి జరిపింది. ఇంకొంచెం జరిపింది. ఒక్కసారిగా శబ్దం నిండుగా బయటికొచ్చింది. నాకే భయం వేసి ఆపేశాను.

"గట్ల వంకరగ పెట్టి వాయిస్తరా వదినె?" అన్నాడు యాదన్న. "పది మందిల నవ్వుతరు."

"నువ్వు నడుమ పెట్టి వాయిస్తె ఏడుస్తున్నరు. దీంది చూసి నవ్వనియ్."

ఇంట్లో సంగతి తెలిసింది. అమ్మ వద్దంది. అరవలేదు, కొట్టలేదు, కాలేజీ కాగానే నాన్నను పంపి నన్ను ఇంటికి రప్పించేది. కొన్నాళ్లు చూసి బాలమణక్క తనే మా ఇంటికొచ్చింది. నేరుగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"చూడండీ, మా పిల్ల చదువుకుంటోంది," అంది అమ్మ మర్యాదగానే. "ఈ బూరలూ అవీ మా ఇళ్లలో ఆడపిల్లలకి లేవండీ."

"మా ఇండ్లల్ల గూడ లేకుండె. నేను తెచ్చుకున్న."

"పైగా దానికి అసలే పెదవి..."

"అసలే పెదవి అంటె? ఏమున్నది పెదవికి? కుట్లు పడ్డయి. అంగీకి కుట్లేసినంక తొడుక్కుంటమా, పెట్టెల పెట్టి దాస్తమా?"

అమ్మ మొహం ఎర్రబడింది. "మీకేం తెలుసండీ? నెలల పిల్లని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే తలుపు బయట కూర్చున్నది నేను. వీధిలోకి తీసుకెళ్తే ఎవరేమంటారో అని ఇన్నేళ్లూ చచ్చింది నేను," అంటూ ఏడ్చేసింది. అమ్మ ఆ మాట పైకి అనగా వినడం నాకు అదే మొదలు. ఆ దాచడమంతా సిగ్గనుకున్నాను, అంత భయమని నాకు తెలియదు.

బాలమణక్క కుర్చీ అమ్మ వైపు జరుపుకుంది. "నాకు ఎర్కలేదు," అంది. "నాకు పిల్లలు లేరు. గంత బాధ నేను పడలె. కని అక్కా, నువ్వు దాచితె అందరు దాన్నే చూస్తరు. అది పాట వాయించిందనుకో, కొందరన్న పాట వింటరు." మళ్లీ గొంతు పెంచింది. "ఇగ ఏడ్వకు. జర ఛాయ్ పొయ్యి."

అమ్మ ఛాయ్ పెట్టింది. ఇంట్లో మాత్రం వాయించకూడదని షరతు పెట్టింది. ఆ షరతు ఎన్నాళ్లు నిలిచిందో అడగకండి.

డిగ్రీ అయిపోయేనాటికి నేను మేళంలో రెండో వరసలో వాయిస్తున్నాను. ఆ వేసవి ముహూర్తాలు దండిగా పడ్డాయి. యాదన్న వరసగా బరాత్‌లు వాయించి, అదిమీ అదిమీ, చివరికి పెదవి పగలగొట్టుకున్నాడు. పై స్వరం ఎత్తబోతే ఉత్త గాలి వచ్చేది. దవాఖానలో చూపిస్తే కొన్ని నెలలు ముట్టుకోవద్దన్నారు. బాలమణక్కకు అప్పటికే ఆయాసం. నాలుగడుగులు నడిచి వాయిస్తే ఆగి నిలబడాల్సి వచ్చేది. ముందు నిలబడే కార్నెట్ లేకపోతే మేళాన్ని ఎవరూ పిలవరు. తుక్కుగూడ వైపు ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి ఒప్పుకుని ఉన్నారు. "శైలు నిలబడ్తది," అంది బాలమణక్క. నా పేరు శైలజ.

మేళంలో ఒక ఆనవాయితీ ఉంది. ముందు నిలబడే కొత్త మనిషికి పాత మాస్టరు తన మౌత్‌పీసు ఇవ్వాలి. అది పెదవులకు తాకించుకుంటేనే ఆ స్థానం దక్కినట్టు. బాలమణక్క వాడేది వాళ్ల నాన్నది. యాదన్న పట్టుబట్టాడు. అంతకంటే ఎక్కువ నేనే పట్టుబట్టాను. వంకరగా ఊదే పిల్ల అని ఇన్నాళ్లూ నవ్వినవాళ్లకి అది చూపించాలని నా ఆశ.

"ఇయ్య," అంది.

"ఎందుకివ్వవు అక్కా? నేను పనికిరానా?"

ఏమనుకుందో, తన కార్నెట్‌లోంచి పీకి నా చేతిలో పెట్టింది. "ఊదు."

ఊదాను. మా పెదవులు వేరు, పళ్ల వరస వేరు. ఆ లోతుకు నా ఊపిరి చాల్లేదు. ఎడమకి జరిపితే దాని అంచు కోరపంటి మీద కూర్చుంది. పాత నొప్పి మళ్లీ తగిలింది. అయినా మానలేదు. నీళ్లు తిరుగుతున్న కళ్లతో ఇంకోసారి ఎత్తబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత తన కింది పెదవిని వేలితో లాగి చూపించింది. ముందు పళ్లు రెండు లోపలికి ఒరిగిపోయి ఉన్నాయి.

"ఇది నా మూతిది కాదు బిడ్డా. మా నాయినది. చేతిల పెట్టిండు, వద్దంటె ఇజ్జత్ పోతదని పట్టుకున్న. పండ్లు కదిలినా చెప్పలె. ఆడదానివి నీతోని కాదు అంటరని చెప్పలె. నాకు ఏది సరిపోతుండెనో నేను ఎన్నడు చూసుకోలె." మౌత్‌పీసు వెనక్కి తీసుకుని కొంగుతో తుడిచింది. "నేను పడ్డది సాలు. ఇది ఎవరికియ్య."

పాత మాస్టరుది తాకకుండా ముందు నిలబడడమేమిటని మేళం రెండు రోజులు గొణిగింది. గొణగనివ్వండన్నాం ఇద్దరమూ.

పెళ్లి రోజు పొద్దున ఎదుర్కోళ్లు. పెళ్లికొడుకు వాళ్లు వచ్చి దారిలో ఆగితే, ఆడపెళ్లివాళ్లు మేళంతో ఎదురెళ్లి, బొట్టు పెట్టి, పానకం ఇచ్చి తీసుకురావాలి. మేళం మోగనిదే ఎవరూ అడుగు వేయరు. నేను చుడీదార్ మీద ఎర్రకోటు వేసుకుని అందరికంటే ముందు నిలబడ్డాను. కార్నెట్ ఎత్తబోతుండగా పెళ్లికొడుకు వైపు పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఖద్దరు చొక్కా, మెడలో కండువా. నన్ను చూసి మొహం చిట్లించాడు.

"ముందుగాల ఈ పిల్లనెందుకు పెట్టిన్రు? శుభమా అని మొదలు పెడుతుంటె ఎదురుంగ గా మూతి ఏంది? ఎన్క నిలబెట్టున్రి."

ఆయన మెల్లగా కూడా అనలేదు. చుట్టూ అందరూ నా వైపు తిరిగారు. నా చెయ్యి దానంతటదే నోటికి అడ్డం రావడానికి లేచింది. దాన్ని దారిలో ఆపడానికి నేనెంత బలం వాడానో నాకే తెలుసు.

బాలమణక్క ఆయాసపడుతూ ముందుకొచ్చింది. "మీరు మూతి చూస్తానికి పిలిచిన్రా, పాట వింటానికి పిలిచిన్రా?"

"ఎక్కువ మాట్లాడకు. మేళం ఇంకోటి దొరుకతది."

"దొరుకతది. పిలుచుకోన్రి." మేళం వైపు తిరిగింది. "దించున్రి."

డప్పులు, సన్నాయి, కార్నెట్లు అన్నీ దిగాయి. పెళ్లికొడుకు ఎండలో పూలదండతో నిలబడ్డాడు. అటువైపు ఆడపెళ్లివాళ్లు పళ్లేలతో నిలబడ్డారు. ఎవరూ కదలడం లేదు. ఆ పెద్దమనిషి మాట వెనక్కి తీసుకోడు, అక్క తీసుకోదు. ఆ పంతంలో పోయేది మేళం పేరు. నా కోసం పోయేది. ఇంకో పెళ్లికి ఎవరు పిలుస్తారు? యాదన్న నా వైపు చూసి, వెనక్కి జరిగిపొమ్మన్నట్టు కళ్లతో సైగ చేశాడు. పాపం, అతని ఇల్లు గడవాలి.

నేను జరిగాను. ముందుకి. అక్క చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. మౌత్‌పీసును పెదవికి ఎడమవైపు, అందరికీ కనిపించేలా వంకరగానే ఆనించి, ఎదుర్కోళ్ల బాణీ ఎత్తుకున్నాను. అదమలేదు. కింది స్వరం నుంచి నెమ్మదిగా మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే మా నెత్తి మీదుగా విమానం ఒకటి దిగుతోంది. దాని రొదలో నా పాట మునిగిపోయింది. ఆపుతాననుకుని ఉంటారు. ఆ స్వరం అలాగే పట్టుకుని నిలబడ్డాను. విమానం పోయింది, స్వరం మిగిలింది. ఆ మౌత్‌పీసుకు కీచుదనం లేదు. ఎవరో ఇంట్లోకి రమ్మని చెయ్యి పట్టుకుని పిలిచినంత మెత్తగా వినబడింది. నా పాటే అని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. బాగుంది.

ఆడపెళ్లివాళ్లలో ఒక ముసలమ్మ, పెళ్లికూతురి నాయనమ్మ అట, పానకం బిందె పట్టుకున్న కోడలి చెయ్యి పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. "నడువున్రే, పిలగాడు ఎండల నిలబడ్డడు," అంది. ఆ వెనక మిగతా ఆడవాళ్లు కదిలారు. డప్పులు అందుకున్నాయి. పెద్దమనిషి ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, మేళం ఆయన్ని దాటి వెళ్లిపోయింది.

మండపం దగ్గర ఆగాక బాలమణక్క నన్ను పందిరి గుంజ పక్కకి లాక్కెళ్లింది. భేష్ అంటుందని చూశాను. అనలేదు. ఛాయ్ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. నేను తాగుతున్నంతసేపూ రెప్ప వేయకుండా నా పెదవినే చూసింది. గ్లాసు ఖాళీ అయ్యాక గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఒకప్పుడు బడిలో మాస్టారు తిప్పినట్టే.

"పోయింది," అంది. "ముద్ర లేదు." అంతే అంది. కళ్లు మాత్రం కొంగుతో తుడుచుకుంది. దుమ్ము పడిందట.

ఆ పెళ్లి ఫోటోల్లో ఒకటి అమ్మ అడిగి తెప్పించుకుని హాల్లో పెట్టింది. అందులో నేను తల వంచలేదు.

ఆ తర్వాత మేళం బతికింది. నాకు ఉద్యోగం వచ్చినా సెలవు రోజుల్లో, ముహూర్తాలకి వెళ్తూనే ఉన్నాను. రోడ్డు వెడల్పు చేస్తూ మల్గీ కొట్టేస్తే సామాను దగ్గర్లోని పాల్మాకులకి చేర్చాం. బాలమణక్క ఆయాసంతోనే పోయింది. పోయే ముందు దాకా అందరినీ తిడుతూనే ఉంది. దినాలు అయ్యాక యాదన్న ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టబోయాడు.

"వదినె మౌత్‌పీసు. ఇగ నీకే రావాలె శైలూ. ఆనవాయితి."

"వద్దు యాదన్నా."

"గంత మనిషి గుర్తు వద్దంటవా?" అతనికి నిజంగానే కోపం వచ్చింది. "నీ అసొంటిదాన్ని ముందు నిలబెట్టింది గామె."

"అందుకే వద్దంటున్నా. దాంతో ఆవిడ పళ్లు కదిలిపోయాయి. మళ్లీ ఇంకో నోట్లో పెట్టనివ్వను."

చాలాసేపు గొడవ పడ్డాం. చివరికి దాన్ని ఆమె కార్నెట్‌కే బిగించి గోడకు తగిలించాం. యాదన్న ముహూర్తాలకు ముందు దాన్ని చింతపండుతో తోముతాడు. వాయించడు. ఇప్పుడతను గుండ్రటి అంచుది వాడుతున్నాడు. పెదవి మీద ముద్ర లేదు. ఆ సంగతి నేనెత్తితే ఒప్పుకోడు.

కుళాయి ముక్కా అని అడిగిన మర్నాడు గేటు దగ్గర మళ్లీ అదే గార్డు. ట్రేలో టంగుమనగానే గుర్తుపట్టి నవ్వాడు. ముందు రోజు నాకు బాధ కలిగిందని తెలిసిందో ఏమో, ఈసారి గౌరవంగా అడిగాడు. "మీ గురువుగారిదా మేడం? గుర్తుగా దాచుకున్నారా?"

"కాదండీ. ఆవిడ తనది ఇవ్వలేదు. ఇది నాది."

"అయితే నిజంగా మీరే వాయిస్తారా?"

వెనక వరస ఉంది. ముందు రోజుకంటే పెద్దదే. నేను మౌత్‌పీసు ట్రేలోంచి తీసి, రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, పెదవికి ఎడమ వైపు ఆనించాను. వరసలోని వాళ్లంతా నా మూతినే చూస్తున్నారు. చూడనిచ్చాను. గట్టిగా ఊపిరి పీల్చి ఊదాను.